పాటగాళ్ళ చావులు – తేలని పద్దులు

మొన్న ఉగాదికి బెంగుళూరు నుండి బాగేపల్లికి వచ్చిన మా అబ్బాయి, ఒబ్బట్ల భోజనం కాగానే ల్యాప్‌టాప్ తెరిచి “నాయనా, ఇది చూడు” అంటూ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నిక్ బ్రూమ్‌ఫీల్డ్ అనే ఆయన 2002లో తీసిన ‘బిగ్గీ అండ్ టూపాక్’ డాక్యుమెంటరీ అది. ఇద్దరు అమెరికా ర్యాప్ గాయకుల హత్యల కథ.

ర్యాప్ అంటే రాగం కంటే మాటకు, తాళానికి పెద్దపీట వేసే పాట. బుర్రకథలో కథకుడు ఊపిరి తిప్పుకోకుండా చెప్పే వచనం విన్న మన తరానికి అది మరీ వింతగా ఏమీ ఉండదు. టూపాక్ షకూర్‌ను 1996 సెప్టెంబరు 7న లాస్‌వేగాస్‌లో కారులో వెళ్తుండగా కాల్చారు. ఆరు రోజులకు పోయాడు. వయసు 25. ఆరు నెలలకు, 1997 మార్చి 9న, లాస్‌ఏంజిలెస్‌లో బిగ్గీ అనబడే క్రిస్టఫర్ వాలెస్‌నూ అలాగే కారులోనే కాల్చారు. వయసు 24.

“ఇంత పేరున్నవాళ్ళను నడివీధిలో కాలిస్తే చూసినవాళ్ళే లేరా?” అని అడిగాను.

“చూసినోళ్ళు ఉన్నారు నాయనా, చెప్పినోళ్ళే లేరు” అన్నాడు.

ఆ తేదీలు వింటుంటే నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. బిగ్గీ పోయిన 28 రోజులకు, 1997 ఏప్రిల్ 6న, సికింద్రాబాదు దగ్గర వెంకటాపురంలో గద్దర్ ఇంటికి వచ్చి ఆయనను కాల్చారు. అప్పటికి నేను బ్యాంకులో చేరి నాలుగేళ్ళు. గద్దర్ కూడా ఒకప్పుడు కెనరా బ్యాంకులో గుమాస్తా అని, 1984లో ఉద్యోగం వదిలేశాడని తెలిసి మా సిబ్బంది అంతా ఆ వారం ఆయన గురించే మాట్లాడుకున్నాం. ఆయన బతికాడు గానీ ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. ప్రజాసంఘాలు పోలీసుల వైపు వేలు చూపాయి, పోలీసులు కాదన్నారు. కాల్చినవారికి శిక్ష మాత్రం పడలేదు. 2023 ఆగస్టు 6న ఆ తూటాతోనే ఆయన వెళ్ళిపోయాడు.

గద్దర్‌పై కాల్పులు జరిగిన రెండేళ్ళకు, 1999 మేలో, భువనగిరిలో నూలు మిల్లు కార్మికురాలిగా పనిచేసి తెలంగాణ కోసం పాటలు పాడిన బెల్లి లలితను చంపి, దేహాన్ని ముక్కలు చేసి పారేశారు. ఆ హత్యలో ప్రధానంగా వినిపించిన పేరు నయీం. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్ దగ్గర పోలీసు కాల్పుల్లో అతడూ పోయాడు. అతనితోపాటు, చెప్పవలసిన సంగతులెన్నో పోయాయి.

మా బ్యాంకు భాషలో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంది. ఎవరిదో, ఎందుకో తేలని మొత్తాన్ని అందులో వేస్తాం. ఎన్నాళ్ళయినా దాన్ని అలా ఉంచకూడదు. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ అడుగుతాడు. మనుషుల చావుల ఖాతాకు అలా అడిగేవారు తక్కువ.

ఇదంతా చెబితే మావాడు “మన పక్క ఇట్లాంటివి జరగలేదు కదా?” అన్నాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చచ్చినవారు పాటగాళ్ళు కారు గానీ, 2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులను సజీవంగా కాల్చి చంపారు. చిక్కబళ్ళాపురం ఇంకా జిల్లా కాలేదు, అదంతా కోలారు జిల్లా. సాక్షులు మాట మార్చారు. 2006లో కోలారు కోర్టు నిందితులను విడిచిపెట్టింది. 2014లో హైకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. కైవారం తాతయ్య తత్వాలు ఈనాటికీ భజనల్లో పాడుకునే తాలూకా అది.

నేనప్పుడు చింతామణిలోనే పనిచేస్తున్నాను. ఆ చుట్టుపక్కల రైతులు అప్పులకు వచ్చేవారు. వేలిముద్రలు వేయించుకున్నాను, కిస్తీలు చెప్పాను. ‘ఏం జరిగిందయ్యా?’ అని ఒక్కరినీ అడగలేదు. బయట టీ అంగడిలో ఎవరైనా ఆ మాటెత్తితే గ్లాసు దించి లోపలికి వచ్చేవాణ్ణి. మనకెందుకులే అనుకున్నాను. భయపడి మాట మార్చిన సాక్షిని తప్పుపట్టే హక్కు నాకుందా?

ఈ మాట మావాడితో మొదటిసారి చెప్పాను. వాడు ఏమీ అనలేదు. కొంతసేపయ్యాక టూపాక్ కేసులో తర్వాత జరిగింది చెప్పాడు. ఆ రాత్రి కాల్పులు జరిగిన కారులో తానూ ఉన్నానని డ్యుయేన్ డేవిస్ అనే మనిషి తానే ఇంటర్వ్యూల్లో చెప్పి, 2019లో పుస్తకంలోనూ రాశాడట. 2023 సెప్టెంబరు 29న, 27 ఏళ్ళ తరువాత, పోలీసులు అతణ్ణి అరెస్టు చేశారు. అతడు నేరం ఒప్పుకోలేదు. బిగ్గీ కేసులో ఇంతవరకూ ఒక్క అరెస్టూ లేదు. అయినా పాత పద్దు మళ్ళీ తెరుచుకున్నది ఒకడు నోరు విప్పినందుకే.

మన పిల్లలు ఇలాంటి చిత్రాలు చూస్తుంటే చెడిపోతారని కసరకండి. పక్కన కూర్చొని చూడండి. మన ఊరి సంగతి అడిగితే తెలిసింది చెప్పండి. నేను పాతికేళ్ళు ఆలస్యంగా చెప్పాను.