డివైసు డ్రైవరు

డివైసు డ్రైవరు అనగా కంప్యూటరుకు తగిలించిన ప్రింటరు, స్కానరు, మోడెము వంటి పరికరానికీ, ఆపరేటింగు సిస్టమునకూ (నిర్వహణ వ్యవస్థకు) మధ్య పనిచేసే చిన్న సాఫ్టువేరు. పూర్వం రేవు పట్టణాలలో విదేశీ వర్తకులకూ స్థానికులకూ మధ్య నిలిచిన దుబాసీతో దీనిని పోల్చవచ్చును. దుబాసీ లేనిచో సరుకు ఎంత మంచిదైనా బేరం సాగదు. అట్లే డ్రైవరు లేనిచో పరికరం చెక్కుచెదరకుండా ఉన్నా దానితో పని జరగదు. ఒక ఆపరేటింగు సిస్టము సులభమైనదా కాదా అని సామాన్యులు ఇచ్చే తీర్పు తరచుగా డ్రైవర్ల లభ్యతపైననే ఆధారపడి ఉంటుంది.

పనిచేయు విధానం

ముద్రించమని ఆజ్ఞ ఇచ్చినపుడు రాతకోతల ప్రోగ్రాముకు ప్రింటరు నమూనాతో సంబంధం ఉండదు. ఆ ఆజ్ఞను ఆ ప్రింటరుకు అర్థమయ్యే సంకేతాలుగా మార్చే బాధ్యత డ్రైవరుది. చాలా డ్రైవర్లు ఆపరేటింగు సిస్టము గర్భమైన కెర్నలులో పనిచేస్తాయి కనుక వాటిలో దోషముంటే కంప్యూటరు మొత్తం ఆగిపోవచ్చును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్టువేరులో కెర్నలు స్థాయి డ్రైవరుకు అందిన లోపభూయిష్టమైన దత్తాంశం వలన ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోసు యంత్రాలు నిలిచిపోయాయి. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో రాసి ఇచ్చారు.

వివిధ ఆపరేటింగు సిస్టములలో

విండోసు వాడుకరులు ఎక్కువ కనుక పరికరాల తయారీదారులు ముందుగా దానికే డ్రైవరు వ్రాసి, పెట్టెలో సీడీ రూపంలో ఇచ్చేవారు. విండోసు సులభమన్న పేరులో సింహభాగం ఈ సీడీలదే. అయితే కూర్పు మారినపుడు చిక్కు వచ్చేది. 2007లో విడుదలైన విస్టా డ్రైవర్ల నిర్మాణాన్ని మార్చివేసినది. దాని 64-బిట్ కూర్పు డిజిటల్ సంతకం లేని కెర్నలు డ్రైవర్లను అంగీకరించలేదు. పాత నమూనాలకు కొత్త డ్రైవరు వ్రాయుట వలన తయారీదారునికి లాభమేమీ లేదు. అందుచేత బాగా పనిచేస్తున్న ఎన్నో ప్రింటర్లు, స్కానర్లు అటక ఎక్కాయి.

మాకింటోషులో యంత్రాన్నీ, ఆపరేటింగు సిస్టమునూ ఒకే సంస్థ తయారుచేయుట వలన ఇబ్బంది తక్కువ. కానీ 2019 నాటి కాటలీనా కూర్పు 32-బిట్ ప్రోగ్రాములను పూర్తిగా వదిలివేయగా కొన్ని పాత స్కానర్ల సాఫ్టువేరు పనిచేయలేదు.

లినక్సులో అధికభాగం డ్రైవర్లు కెర్నలులోనే చేరి ఉంటాయి. తయారీదారు పరికరపు సాంకేతిక వివరాలను వెల్లడించనపుడు ఔత్సాహికులు సంకేతాలను గమనిస్తూ, ఊహిస్తూ డ్రైవరు వ్రాయవలసి వచ్చేది. డయలప్ రోజుల నాటి 'విన్‌మోడెము'లు ఇందుకు చక్కని ఉదాహరణ. చవకగా ఉండుటకై మోడెము చేయవలసిన లెక్కలను విండోసు డ్రైవరుకు అప్పగించారు కనుక లినక్సులో ఆ కార్డు ఉన్నా లేనట్లే. వైఫై కార్డుల కొరకు విండోసు డ్రైవరునే లినక్సులో నడిపే ఎన్‌డిస్‌రాపర్ అనే ఉపాయం కూడా పుట్టినది. 'లినక్సు కష్టం' అన్న అపవాదులో కొంత భాగం నిజానికి పరికరాల తయారీదారుల గోప్యతకు చెందవలసినది. కాలక్రమంలో పరిస్థితి కొంత తిరగబడినది: కొత్త విండోసు గుర్తించని పాత పరికరం లినక్సులో నడచుట నేడు అరుదు కాదు.

విశాఖపట్నం వంటి పారిశ్రామిక నగరాలలో

ఇంటిలో ప్రింటరు మూలపడితే కొన్ని వేల రూపాయల నష్టం. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖపట్నం వంటి చోట ఈ సమస్య మరింత లోతైనది. లారీలను తూచే కాటా, లోహాన్ని చెక్కే సీఎన్‌సీ యంత్రం ఇరవై ముప్పై యేళ్ళు మన్నుతాయి. విండోసు ఎక్స్‌పీ 2001లో వచ్చి 2014లో మద్దతు కోల్పోయినది. విండోసు 10 మద్దతు కాలం 2015 నుండి 2025 వరకే. కాటా బరువును తెలిపే సీరియల్ పోర్టు ఇప్పటి కంప్యూటర్లలో సాధారణంగా లేనందున యూఎస్‌బీ మార్పిడి తీగ వాడతారు. దానికి మళ్ళీ ఒక డ్రైవరు కావాలి.

ఈ తీగల విషయంలో 2014లో పెద్ద వివాదం నడిచినది. ఎఫ్‌టీడీఐ అనే సంస్థ తన చిప్పుల నకళ్ళను అడ్డుకొనుటకు, నకిలీ చిప్పు గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చివేసే డ్రైవరును విడుదల చేయగా అది విండోసు అప్‌డేట్ ద్వారా వాడుకరులకు చేరినది. ఆపై ఆ తీగను ఏ కంప్యూటరుకు తగిలించినా గుర్తించేది కాదు. చిప్పు నకిలీదని కొన్నవారికి తెలియదు. శిక్ష మాత్రం వారికే పడినది. నిరసనల తరువాత ఆ డ్రైవరును ఉపసంహరించారు. లినక్సు కెర్నలులో సున్నా సంఖ్యను సైతం గుర్తించే మార్పు చేర్చారు.

కార్బను ప్రతులు కావలసిన చోట డాట్ మాట్రిక్స్ ప్రింటర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. వీటిలో అనేకం ఎప్సన్ సంస్థ రూపొందించిన ఈఎస్‌సి/పి ఆదేశాలను పాటిస్తాయి కనుక, సొంత డ్రైవరు దొరకనపుడు దగ్గరి ఎప్సన్ నమూనాను ఎంచుకొని చూడవచ్చును.

తెలుగు ముద్రణ

సాధారణ డాట్ మాట్రిక్స్ ప్రింటరు జ్ఞాపకశక్తిలో ఆంగ్లాక్షరాలు ఉంటాయి గాని తెలుగు లిపి ఉండదు. అందువలన తెలుగు పుటను బొమ్మగా మార్చి, చుక్క చుక్కగా పంపవలసి ఉంటుంది. ఆంగ్ల పుటకన్న తెలుగు పుట చాలా నెమ్మదిగా వెలువడుటకు కారణమిదే. డాస్ కాలంలో భారతీయ లిపులను తెరపై చూపుటకు సీ-డాక్ వారి జిస్ట్ కార్డు అనే ప్రత్యేక పరికరాన్నే కంప్యూటరులో అమర్చేవారు. విండోసు ఎక్స్‌పీలో గౌతమి ఖతి వచ్చినప్పటికీ తెలుగు సరిగా కనబడుటకు సంక్లిష్ట లిపుల అంశాన్ని విడిగా ఎంచుకొని, సీడీ నుండి స్థాపించుకొనవలసి వచ్చేది.

స్వేచ్ఛా సాఫ్టువేరుతో సంబంధం

1980 ప్రాంతంలో ఎంఐటీ ప్రయోగశాలకు వచ్చిన జిరాక్సు ప్రింటరులో కాగితం ఇరుక్కున్నపుడు అందరికీ కబురందేటట్లు ప్రోగ్రామును మార్చాలని రిచర్డ్ స్టాల్‌మన్ ప్రయత్నించగా, దాని మూలసంకేతం ఇచ్చుటకు నిరాకరించారు. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టును ప్రకటించుటకు దారితీసిన అనుభవాలలో ఇది ఒకటి. ఏళ్ళ తరబడి విమర్శలు ఎదుర్కొన్న ఎన్‌విడియా సంస్థ 2022లో తన లినక్సు కెర్నలు డ్రైవరు మూలసంకేతాన్ని బహిర్గతం చేసినది.

డ్రైవరు లేని ముద్రణ

2010లో ఆపిల్ ప్రవేశపెట్టిన ఎయిర్‌ప్రింట్, ఆ తరువాతి ఐపీపీ ఎవ్రీవేర్ పద్ధతులలో ప్రింటరులన్నీ ఒకే భాష మాట్లాడుతాయి గనుక నమూనాకొక డ్రైవరు అవసరముండదు. 2023లో మైక్రోసాఫ్టు సంస్థ సైతం తయారీదారుల ప్రింటరు డ్రైవర్లకు మద్దతును దశలవారీగా విరమిస్తామని ప్రకటించినది. ఈ పద్ధతి కొత్త ప్రింటర్లకు మాత్రమే వర్తిస్తుంది. కాటాలకు, పాత డాట్ మాట్రిక్స్ యంత్రాలకు ఆ భాష రాదు. వాటికి డ్రైవరు వెదకుకొనక తప్పదు.