నిర్లక్ష్యమూ నష్టపరిహారమూ: సరిహద్దు కుటుంబాలు తెలుసుకోవలసిన చట్టం

రహదారి ప్రమాదంలో ఇంటి యజమానిని పోగొట్టుకొన్న కుటుంబం చాలాసార్లు రెండవ నష్టానికి కూడా గురవుతుంది. ప్రమాదం పక్క రాష్ట్రంలో జరిగింది, అక్కడి కోర్టుల చుట్టూ తిరగలేమన్న భయంతో, పెద్దమనుషులు ఇప్పించిన కొద్దిపాటి సొమ్ము తీసుకొని రాజీ కాగితంపై వేలిముద్ర వేయడమే ఆ రెండవ నష్టం. చట్టంలోని మూలసూత్రాలు తెలిస్తే ఈ భయం అనవసరమని బోధపడుతుంది.

నిర్లక్ష్యం అంటే ఏమిటి?

ఒకరి తప్పిదం వలన మరొకరికి హాని కలిగినప్పుడు పరిహారం ఇప్పించే న్యాయశాఖను టార్ట్ అంటారు. తెలుగులో అపకృత్యమని వ్యవహరిస్తారు. నేరం చేసినవానిని ప్రభుత్వం శిక్షిస్తుంది. అపకృత్యంలో నష్టపోయినవారే దావా వేసి సొమ్ము రాబట్టుకొంటారు. ఈ శాఖలో ముఖ్యమైనది నిర్లక్ష్యం. అది రుజువు కావడానికి మూడు అంశాలు కావాలి: ఎదుటివారిపట్ల జాగ్రత్త వహించవలసిన బాధ్యత ఉండడం, ఆ బాధ్యతను మీరడం, అందువలననే హాని కలగడం.

మొదటి అంశానికి పునాది వేసినది 1932లో బ్రిటన్ ప్రభువుల సభ ఇచ్చిన డొనహ్యూ, స్టీవెన్సన్ తీర్పు. స్కాట్లండులో ఒక స్త్రీ తాగిన పానీయపు సీసాలో కుళ్ళిన నత్త ఉన్నదని ఆరోపణ. ఆ సీసా కొన్నది ఆమె కాదు, తయారీదారుతో ఆమెకు ఒప్పందమూ లేదు. అయినప్పటికీ, తన పని వలన ఎవరికి హాని కలుగగలదో ముందుగా ఊహించగలిగినప్పుడు వారిపట్ల జాగ్రత్త వహించి తీరాలని ఆ తీర్పు చెప్పింది. ముక్కూ మొగమూ తెలియని బాటసారిపట్ల లారీ డ్రైవరుకు బాధ్యత ఉండడానికి ఆధారం ఈ సూత్రమే.

ఒక ఉదాహరణ

హోసూరు ప్రాంతపు తెలుగు రైతు ఒకరు మోటారు సైకిలుపై కర్ణాటకలోని మాలూరుకు వెళ్ళారనుకొందాం. ఆయన వయస్సు 32 ఏండ్లు. చీకటిలో దీపాలు వేయకుండా రోడ్డుపై నిలిపిన లారీని ఢీకొని మరణించారు. లారీ యజమానిది చిత్తూరు. ఇప్పుడు భార్య ఏ రాష్ట్రపు గడప తొక్కాలి?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షను ఈ ఎంపికను ఆమెకే వదిలింది. ప్రమాదం జరిగిన కోలారు జిల్లాలో గాని, యజమాని నివసించే చిత్తూరు జిల్లాలో గాని, తాను నివసించే కృష్ణగిరి జిల్లాలో గాని ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయవచ్చును. సొంత జిల్లా ఉండగా పొరుగు రాష్ట్రానికి తిరుగవలసిన పని లేదు. ఎఫ్.ఐ.ఆర్. కన్నడంలో ఉంటే అనువాదం చేయించి జతపరచుకోవచ్చు. బాధితులకు దాని ప్రతి ఉచితంగా ఇవ్వాలి.

క్రిమినల్ కేసులో నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. ట్రిబ్యునల్‌లో అంత అవసరం లేదు, ఏది ఎక్కువ సంభవమో చూస్తారు. కనుక డ్రైవరు నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారపు హక్కు పోదు. ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి గనుక బీమా కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చాలి.

లెక్క ఎలా కడతారు?

ఆ రైతు నెల ఆదాయం 12,000 రూపాయలనుకొందాం. స్వయంగా సంపాదించుకొనే 40 ఏండ్లలోపు వారికి భవిష్యత్తు పెరుగుదలగా 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు 16,800 అవుతుంది. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడినవారు గనుక ఆయన సొంత ఖర్చు కింద నాలుగవ వంతు తీసివేయగా 12,600 మిగులుతుంది. ఏడాదికి 1,51,200. ఆ వయస్సుకు 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం 16. మొత్తం 24,19,200 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి అదనం.

మృతుని తప్పు కూడా కొంత ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. పాతిక వంతు తప్పని తేలితే 18,14,400 వస్తుంది. అయితే బండిపై ముగ్గురు ఎక్కినంత మాత్రాన తప్పు అంటగట్టరాదని, ప్రమాదానికి అది కారణం కావాలని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

జాగ్రత్తలు

నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కరలేకుండా 164వ సెక్షను కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు లభిస్తాయి. కాని బీమా కంపెనీతో పరిష్కార పద్ధతిలో ఆ సొమ్ము స్వీకరిస్తే ట్రిబ్యునల్‌లోని దరఖాస్తు రద్దవుతుంది. పై లెక్కతో పోల్చుకొని గాని సంతకం చేయవద్దు.

2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలోగా దరఖాస్తు చేయాలి. ఈ గడువుపై పిటిషన్లు సుప్రీంకోర్టుకు వెళ్ళినా, దానిని నమ్ముకొని కాలయాపన చేయడం క్షేమం కాదు.

వకీలు ఫీజు ఇచ్చుకోలేని స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయిస్తే ఉచిత సహాయం లభిస్తుంది. ఫోను నంబరు 15100. పోయిన మనిషిని ఏ చట్టమూ తిరిగి తేలేదు. పిల్లల చదువు ఆగకుండా, పొలం తాకట్టు పడకుండా కాపాడగలది మాత్రం ఈ పరిహారమే. అది ఎవరో పెట్టే దానం కాదు, చట్టం ఇచ్చిన హక్కు.