పక్క సంఖ్యతో ఒక్క అంకె కలిస్తే చాలు

ఒక చిన్న నియమం పెట్టుకుందాం. 1తో మొదలుపెట్టాలి. ఆ తర్వాత రాసే ప్రతి సంఖ్యలోనూ దాని ముందున్న సంఖ్యలోని అంకె ఒక్కటైనా ఉండాలి. ఒకసారి రాసిన సంఖ్యను మళ్లీ రాయకూడదు. వీలున్న వాటిలో అన్నిటికంటే చిన్నదాన్నే తీసుకోవాలి.

1 తర్వాత 2 రాదు. అందులో 1 లేదు. 9 దాకా ఏదీ కుదరదు. కాబట్టి 10 వస్తుంది. తర్వాత 11, 12. ఇప్పుడు 12లో 2 ఉంది గనుక 2కు దారి దొరికింది. ఆపైన 20, 21, 13, 3, 23, 22, 24, 4, 14, 15, 5... ఇలా సాగుతుంది.

ఒక నియమం ప్రకారం వరుసగా వచ్చే సంఖ్యలను అనుక్రమం (క్రమంలో పేర్చిన సంఖ్యల జాబితా) అంటారు. 2, 4, 6, 8 లాంటి అనుక్రమం సంఖ్యల విలువ మీద నడుస్తుంది. మనం రాసింది సంఖ్యల రాత మీద, అంటే పక్కపక్కనున్న పదాల్లోని (అనుక్రమంలోని ఒక్కో సంఖ్యనూ పదం అంటారు) అంకెల మీద నడుస్తుంది.

ఈ రకం ఆలోచన మన దేశంలోనూ ఉంది. నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్. కప్రేకర్ (1905–1986) ఒక సంఖ్యకు దాని అంకెల మొత్తాన్ని కలిపి తర్వాతి సంఖ్యను రాబట్టాడు. 16కు 1+6 కలిపితే 23, దానికి 2+3 కలిపితే 28, ఆపైన 38, 49, 62. ఏ సంఖ్య నుంచీ ఇలా పుట్టనివి కొన్ని ఉన్నాయి. 20, 31, 42 అలాంటివే.

ఇలాంటి అనుక్రమాలకు ఇప్పుడు ఒక పెద్ద భాండాగారం ఉంది. నీల్ స్లోన్ 1964లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ వీటిని సేకరించడం మొదలుపెట్టాడు. 1973లో 2,372 అనుక్రమాలతో పుస్తకం తెచ్చాడు. 1996లో ఆ సేకరణ ఇంటర్నెట్‌లోకి వచ్చింది. నేడు అందులో 3.5 లక్షలకు పైగా అనుక్రమాలున్నాయి. కంప్యూటర్ ఉన్నవారెవరైనా క్షణాల్లో వేల పదాలు రాబట్టి చూడగలుగుతున్నారు. కానీ ఎన్ని పదాలు చూసినా తేలని ప్రశ్నలు ఉంటాయి.

మన జాబితానే తీసుకోండి. ఇందులోకి ప్రతి సంఖ్యా ఎప్పటికైనా వస్తుందా? లక్ష పదాల్లో కనిపించని సంఖ్య ఆ తర్వాత రావచ్చు. లెక్కించి తేల్చలేం. ఆలోచించి తేల్చాలి.

58 ఎన్నటికీ రాదని అనుకుందాం. దానికంటే చిన్న సంఖ్యలు 57 మాత్రమే. వాటిలో రావలసినవి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేస్తాయి. ఆ తర్వాత 5 గానీ 8 గానీ ఉన్న సంఖ్య వచ్చిందంటే, వెంటనే 58 రావాలి. అంతకంటే చిన్నది మిగల్లేదు మరి. 58 రాదనుకున్నాం కాబట్టి, అక్కడినుంచి ఏ పదంలోనూ 5, 8 ఉండకూడదు.

కానీ జాబితా ఎక్కడా ఆగదు. అంకెలేమో పదే. కాబట్టి కనీసం ఒక అంకె అంతులేకుండా వస్తూనే ఉండాలి. అది 3 అనుకుందాం. 3, 5 రెండూ ఉన్న సంఖ్యలకు లెక్కే లేదు: 35, 53, 335, 353... వాటిలో ఇంకా వాడని ఒకదాన్ని పట్టుకోండి. ఒకసారి వచ్చిన సంఖ్య మళ్లీ రాదు గనుక, కొంత దూరం పోయాక దానికంటే పెద్ద సంఖ్యలే వస్తుంటాయి. ఆ దశలో 3 ఉన్న పదం వచ్చినప్పుడు మాత్రం, మనం పట్టుకున్న చిన్న సంఖ్యను వదిలి పెద్దదాన్ని తీసుకోవడానికి నియమం ఒప్పుకోదు. దాన్ని తీసుకుంటే 5 వచ్చినట్టే. మన ఊహ నిలవలేదు. 58 వచ్చి తీరాలి. ఈ వాదన ఏ సంఖ్యకైనా వర్తిస్తుంది.

ఇప్పుడు నియమాన్ని తిరగేద్దాం. పక్కపక్క పదాల్లో ఒక్క అంకె కూడా కలవకూడదు. 1 నుంచి 10 దాకా మామూలుగానే వస్తాయి. తర్వాత 22, 11, 20, 13, 24, 15, 23, 14. ఇందులో 1023456789 ఎన్నటికీ రాదు. దానిలో పది అంకెలూ ఉన్నాయి. దాని ముందు నిలబడగల సంఖ్యే లేదు.

ఇదంతా అంకెల రూపం మీద ఆధారపడిందా? ఒమన్ బాతినా తీరంలోని అల్ సువైక్‌లో ఉంటున్న తెలుగువారికి ఈ సంగతి చేతిలోని నోటే చెబుతుంది. ఒమన్ రియాల్ నోటుకు ఒకవైపు అరబిక్ అంకెలు, మరోవైపు మనకు అలవాటైన అంకెలు. అరబిక్‌లో 5 మన కంటికి సున్నాలా ఉంటుంది. సున్నా ఒక చుక్క. ఆ అంకెలతో రాసినా, తెలుగు అంకెలతో రాసినా మన జాబితా మారదు. ఎందుకంటే మూడింటిలోనూ పది గుర్తులే, స్థానాల పద్ధతీ ఒకటే.

మారేది ఆధారం (ఎన్ని గుర్తులతో లెక్క రాస్తామన్నది) మారినప్పుడు. 0, 1 మాత్రమే ఉన్న ద్విసంఖ్యామానంలో ప్రతి సంఖ్యా 1తోనే మొదలవుతుంది. కాబట్టి మొదటి నియమం 1, 2, 3, 4 అనే మామూలు లెక్క అయిపోతుంది. రెండో నియమం తొలి పదం దగ్గరే ఆగిపోతుంది.

బ్రిటిష్ గణితవేత్త జి.హెచ్. హార్డీ 1940లో ఇలాంటి విశేషాలను తేలిగ్గా తీసుకున్నాడు. 8712 తన అంకెలను తిరగేసిన 2178కి నాలుగు రెట్లు. అందులో గణితవేత్తను ఆకట్టుకునేది ఏమీ లేదని ఆయన అభిప్రాయం. విశేషాన్ని చూసి వదిలేస్తే ఆ మాట నిజమే. అయితే అంకెల పేర్పు మీద ఇష్టం మనకు పాతదే. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు తన గణిత సార సంగ్రహంలో 139ని 109తో హెచ్చవేసి 15151 చూపించాడు. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు.

విశేషం దగ్గర ఆగకుండా "ఎప్పుడూ ఇంతేనా, ఎందుకు?" అని అడిగితే అక్కడే గణితం మొదలవుతుంది. పై వాదనకు కూడికలు కూడా అక్కర్లేదు. పెద్దదేదో చిన్నదేదో తెలిసిన పిల్లలు కూడా, ఓపిగ్గా చెబితే, నిరూపణ అంటే ఏమిటో దీని ద్వారా అందుకోగలరు.