సముద్రతీర విహారము – పావువంతు లెక్క

విశాఖపట్టణమునకు చేరువలోని యారాడ మూడు వైపుల కొండలు, నాల్గవ వైపు బంగాళాఖాతము గల ఏకాంత సైకతతీరము. కొండపైనుండి కాలినడకన అచటికి దిగి, పగలంతయు గడిపి, మరల కొండ ఎక్కి రావలెనని ఉత్సాహపడువారు సలహాకై నాయొద్దకు వచ్చుచుందురు. వారిలో అరువది దాటినవారు, మధుమేహరోగులు కూడ కలరు. వలదని నేను చెప్పను. లెక్క తెలిసికొని వెళ్లుడని చెప్పుదును.

అర్ధశక్తి అనగా నేమి?

వ్యాయామము తన బలములో సగము వరకే చేయవలెనని మన ఆచార్యుల మతము. శ్వాస నోటిగుండా వెలువడుట అర్ధశక్తికి గుర్తని సుశ్రుతుడు తెలిపెను. నుదుట, ముక్కుపై, కీళ్లయందు చెమట పట్టుట, నోరెండుట కూడ గుర్తులే. ఊరిబాటలో అలసినవాడు ఏ అరుగుమీదనో కూర్చుండవచ్చును. ఏకాంతతీరములో ఎంత దూరము పోయిన అంత దూరము తిరిగి రావలసినదే. కావున పోవుటకు పావువంతు, వచ్చుటకు పావువంతు బలమని లెక్కించుకొనవలెను. యారాడలో పోవునపుడు దిగుడు, వచ్చునపుడు ఎక్కుడు గనుక మరికొంత మిగుల్చుకొనుట మేలు. మెత్తని ఇసుకలో నడకకు గట్టినేలపై కన్న సుమారు రెట్టింపు శక్తి వ్యయమగును. అలలు తడిపి గట్టిపరచిన అంచున నడచిన శ్రమ తగ్గును.

కాలము, పానీయము

మార్గశిరము నుండి మాఘము వరకు ఈ విహారమునకు అనువైన కాలము. గ్రీష్మమున మానుటే మంచిది. ఉదయముననే బయలుదేరి, 10 గంటలు మొదలు 3 గంటల వరకు చెట్లనీడను విడువక, చీకటి పడకమున్నే కొండ దాటవలెను.

పిడికెడు వట్టివేళ్లను శుభ్రముగా కడిగి, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో రాత్రంతయు నానవేసి, వడకట్టి తీసికొని వెళ్లవలెను. ఒక గ్లాసు పెరుగునకు మూడు గ్లాసుల నీరు చేర్చి చిలికి, కొంచెము ఉప్పు, చిటికెడు శొంఠి కలిపిన మజ్జిగ చెమటతో పోయిన లవణమును భర్తీ చేయును. రక్తపోటు, మూత్రపిండవ్యాధి గలవారు తమ వైద్యుని అడిగి ఉప్పు వాడవలెను.

పాదరక్షణ

ఇసుకలో ఉత్తపాదములతో నడచుట అందరికి హితవని తలచుట పొరపాటు. మధుమేహమువలన పాదములు మొద్దుబారినవారికి కాలినను, గవ్వ గుచ్చుకొన్నను తెలియదు. చిన్న పుండు ముదిరి కాలు తీసివేయవలసిన స్థితి రావచ్చును. వారు చెప్పులు విడువరాదు. ఇంటికి చేరిన పిదప గోరువెచ్చని నీటితో పాదములు కడిగి, వ్రేళ్ల సందులతో సహా పరీక్షించుకొని, గాయము లేనిచో నువ్వులనూనె మర్దించుకొనవలెను. నీటివేడిని మాత్రము ఇంట ఇతరులచే చూపించుకొనవలెను.

ప్రమాదసూచనలు

ఈ తీరమున అలల అడుగున లోనికి లాగు ప్రవాహములుండును. ఈత వచ్చినవారైనను లోతునకు పోరాదు.

ఎండలో ఒడలు కాలిపోవుచు, మాట తడబడిన అది వడదెబ్బ. రోగిని నీడకు చేర్చి, ఒడలంతయు తడిపి, విసరుచు, వెంటనే 108కు తెలుపవలెను. స్పృహ లేనివాని నోట ఏ కషాయమును పోయరాదు. ఛాతీలో నొప్పి వచ్చినపుడును గృహవైద్యముతో కాలయాపన చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

బలము మిగిలియుండగనే వెనుదిరిగినవానికి ఆ నడకయే ఔషధమగును.