మూటలోనే విప్పే మనిషి!

చాదర్‌ఘాట్‌లో మా ఇంటి అటక దులుపుతుంటే పాత 486 కంప్యూటర్, పక్కనే ఓ ఫ్లాపీ దొరికాయి. ఫ్లాపీ మీద నాన్న చేతిరాత: 'ఉత్తరాలు, లెక్కలు - 1996'. లోపల చూస్తే ఒక్కటే ఫైలు. చివర 'ఈఎక్స్ఈ' అని ఉంది!

అప్పట్లో ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీనే. అందుకే 1989లో ఫిల్ కాట్జ్ తెచ్చిన పీకేజిప్‌తో ఫైళ్లను కుదించేవారు. మరి విప్పే ప్రోగ్రామ్ అవతలివాళ్ల దగ్గర లేకపోతే? దాన్నీ మూటలోనే కుట్టేసేవారు. పేరు కొట్టి ఎంటర్ నొక్కితే తనంతట తానే విచ్చుకుంటుంది.

నేనూ నొక్కాను. డిస్కులో చోటు లేదంది! నిజమే, మూటా బట్టలూ ఒకే సంచిలో పడతాయా? హార్డ్‌డిస్కులో కొత్త డైరెక్టరీ తెరిచి, ఫైలును అందులోకి కాపీ చేశాను. చదవలేనని రెండుసార్లు మొండికేసి, మూడోసారి దిగింది.

(64 బిట్ విండోస్‌లో ఇలాంటి డాస్ ఫైలు నడవదు. 7-జిప్‌తో తెరిస్తే చాలావరకు వస్తుంది. ఎవరిదో తెలియని ఈఎక్స్ఈని మాత్రం నొక్కకండి.)

నాన్న కళ్లజోడు సవరించుకుని తెర ముందు కూర్చున్నారు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు ఉత్తరాలు... పాలు, కరెంటు, నా స్కూలు ఫీజు.

"ఈ ఫీజు అప్పు చేసి కట్టాన్రా" అన్నారు.