మోటారు సైకిలులోని రెండు ద్రవములు

సున్నిపెంట నుండి లింగాలగట్టుకు దిగు దారి వంపు వెనుక వంపుగా సాగును. చుట్టును నల్లమల అడవి. దిగువను కృష్ణ, శ్రీశైలము ఆనకట్ట. ఈ దారిని మోటారు సైకిలు మీద దిగువాని క్షేమము రెండు ద్రవముల మీద ఆధారపడి యున్నది. ఒకటి ఇంజనులోని నూనె. రెండవది, డిస్కు బ్రేకు గల బండ్లలో ఉండు బ్రేకు ద్రవము. వీనిని మొదటిసారి స్వయముగా మార్చబూనువారు ముందుగా గ్రహింపవలసిన దేమనగా, రంగును బట్టి వీని మంచిచెడ్డలు తెలియవు.

వాడిన ఇంజను నూనె కాటుక వలె నల్లగా ఉండును. అది చూచి నూనె చెడినదని చాలమంది తలతురు. కాని మసిని అడుగున పేరుకొననీయక తనలో తేల్చి ఉంచుకొను రసాయనములను నూనెలో ముందే కలిపి ఉంతురు. కనుక నలుపు నూనె తన పని తాను చేయుచున్నదనుటకు గుర్తు. నూనె నిజముగా చెడు విధము వేరు. వేడికి అది ఆమ్లజనితో కలిసి ఆమ్లములు పుట్టును. వానిని విరుచుటకై కలిపిన క్షారములు క్రమముగా ఖర్చగును. చిక్కదనమును నిలుపు పొడవైన అణువులు గేరుపళ్ళ నడుమ నలిగి తెగిపోవును. ఇవేవియు కంటికి కనబడవు.

చిక్కదనమునకు అంత విలువ ఎందుకు? 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసు బేరింగులను పరీక్షించుచు, నూనె పోయుటకు బేరింగు పైభాగమున ఒక రంధ్రము చేసెను. ఇరుసు తిరుగగానే నూనె ఆ రంధ్రము గుండా పైకి పొంగెను. బిరడా బిగించినను దానిని నెట్టివేసెను! తిరుగు ఇరుసు నూనెను తనతో ఈడ్చుకొని పోయి, బరువును మోయగల పొరగా మార్చుచున్నదన్నమాట. దీని గణితమును 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ వివరించెను. నూనె మరీ పలుచనైనచో ఆ పొర తెగి లోహము లోహమును రాచుకొనును.

ఇక పని. ఇంజనును కొద్ది నిమిషములు నడిపి ఆపవలెను. వెచ్చని నూనె పలుచనై మసితో సహా దిగిపోవును. చేయి కాలునంత వేడి పనికిరాదు. అడుగున బేసిను ఉంచి, పానాతో డ్రెయిన్ బోల్టు విప్పవలెను. బోల్టు ఉక్కుది, దాని మర ఉన్న ఇంజను అడుగు అల్యూమినియముది. బోల్టు క్రింది వాషరు నలుగుట వలననే కారుట ఆగును. ఒకసారి నలిగినది మరల సరిగా ఆనదు. మొదటిసారి నేను కొద్ది రూపాయల వాషరు మార్చుటకు బద్ధకించి, పానా మీద బలమంతయు చూపితిని, మర చెడినది.

బండితో ఇచ్చిన పుస్తకములో చెప్పిన చిక్కదనము గల నూనెనే, చెప్పినంతే పోయవలెను. ఎక్కువైనచో నురుగు కట్టును. కారు నూనె వలదు. మన బండ్లలో చాలవాటికి క్లచ్చి పలకలు ఇదే నూనెలో మునిగి ఉండును; కొన్ని కారు నూనెలలోని పదార్థముల వలన అవి పట్టు తప్పి జారును. డబ్బాపై ‘జాసో ఎం.ఏ.’ అను గుర్తు చూడుడు. తీసిన నూనె 2016 నాటి కేంద్ర నియమముల ప్రకారము ప్రమాదకర వ్యర్థము. జలాశయము ఒడ్డున నివసించు మనము దానిని కాలువలో పోయుట తగదు. డబ్బాలో నింపి, పాత నూనె సేకరించు గ్యారేజీకి ఇయ్యవలెను.

బ్రేకు ద్రవము కథ దీనికి తలక్రిందులు. తేటగా ఉన్నను అది చెడి ఉండవచ్చును. అది గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. ప్రమాణము ప్రకారము ‘డాట్ 4’ రకము కొత్తలో కనీసము 230 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగరాదు, నూటికి 3.7 పాళ్ళు నీరు చేరినచో ఆ హద్దు 155కు దిగును. ఘాటులో ఆపకుండ బ్రేకు నొక్కినచో డిస్కు కాగి, ఆ వేడి ద్రవమునకు ప్రాకును. ద్రవము మరిగినచో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కిన కుదియదు గాని ఆవిరి కుదియును. అపుడు చేతి బలమంతయు బుడగలను నొక్కుటకే సరిపోయి, బ్రేకు లీవరు మెత్తగా హ్యాండిలు దాక వచ్చును.

అందుచేత సామాన్యముగా రెండేండ్ల కొకసారి దీనిని మార్తురు. ఇంజను నూనె మార్చుట ఒంటరిగా నేర్వవచ్చును. దీనిని మాత్రము మొదటిసారి తెలిసినవారి ఎదుట చేయుడు. గొట్టములో గాలి బుడగ మిగిలినను ఆవిరి చేసిన కీడే చేయును. ద్రవము రంగు పూతను తినివేయును గనుక పెట్రోలు ట్యాంకుపై తడిగుడ్డ కప్పవలెను. దారిలో లీవరు మెత్తబడినట్లు తోచినచో, వెనుక బ్రేకుతోను చిన్న గేరుతోను బండిని నిలిపి, డిస్కు చల్లారువరకు ఆగి, ఆ తరువాత చిన్న గేరులోనే మెల్లగా దిగుడు.