కళాశాల గడపలో వర్తకుడు

2005వ సంవత్సరపు దీపావళికి బెంగుళూరునుండి హైదరాబాదునకు రావలసిన ఒక యువ ఇంజనీరునకు బస్సులో సీటు దొరకలేదు. పండుగనాడు టికెట్టు దొరకకపోవుట మన దేశమున వింత యేమియు కాదు. కాని ఆ యువకుడు తక్కినవారివలె నిట్టూర్చి ఊరకుండక, ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలియున్నవో టికెట్లమ్ము ఏజెంటుకే తెలియకుండుట యెట్లు సంభవించునని విచారింప దొడగెను. ఏజెంటు తనకు పరిచయమున్న కొలదిమంది బస్సు యజమానులకు ఫోను చేసి అడుగును, వారు పుస్తకము చూచి బదులు చెప్పుదురు. ఆ కొలదిమందికి వెలుపలనున్న బస్సు సగము ఖాళీగా బయలుదేరినను ఆ సంగతి అతనికి తెలియు మార్గము లేదు. ఆ యువకుడగు ఫణీంద్ర సామా తన బిట్స్ పిలానీ మిత్రులగు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో గూడి 2006 ఆగస్టులో ప్రారంభించిన రెడ్‌బస్ అను బస్సుటికెట్ల సంస్థ ఈ విచారణనుండి పుట్టినదే.

వారు అప్పటికి విద్యార్థులు కారు. చదువు ముగించి కొలదికాలము ఉద్యోగములు చేసినవారు. అయినను విద్యార్థి వర్తకులకు చేయదగిన సాయమును గూర్చి తలచినపుడెల్ల నాకు మొదట స్ఫురించునది వీరి చరిత్రయే. ఏలయన, కంప్యూటరు విద్యయందు ఆరితేరిన ఆ యువకులకు బస్సు వ్యాపారమున ఓనమాలు తెలియవు; యజమాని భయమేమో, ఏజెంటు ఆదాయ మెట్టిదో, సీటు అమ్ముడుపోకున్న నష్ట మెవ్వరిదో అడిగి తెలిసికొనవలసియుండెను. ఆ దశలో వారికి పెట్టుబడికంటె ముందుగా లభించినది మనుష్యుల తోడు. టై అను వ్యవస్థాపకుల సంఘము బెంగుళూరులో వారిని ఎంపిక చేసికొని, వ్యాపారమున తలలు పండినవారిని మార్గదర్శకులుగా వారి వెంట నిలిపెను. సీడ్‌ఫండ్ అను సంస్థ ధనము పెట్టినది ఆ తరువాత, 2007లో. పిమ్మట ప్రయాణికునకు టికెట్టమ్ముటతో ఆగక, బస్సు యజమాని తన సీట్ల లెక్క తానే చూచుకొనుటకు బాస్ అను సాఫ్టువేరును సైతము వారు నిర్మించిరి. సొంతముగా యంత్రములు కొని పెట్టుకొనుటకు బదులు అమెజాను వారి క్లౌడ్ సేవలను అద్దెకు దీసికొని పెరిగిరి. 2013లో ఆ సంస్థను ఐబిబో వారు కొనిరి. 2018లో ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వమునకు ప్రధాన ఆవిష్కరణాధికారి యయ్యెను.

నేటి విద్యార్థి చేతిలోనున్న సాధనసంపత్తి ఆనాటివారికి లేదు. యూపీఐ 2016లో వచ్చినది. చిన్న దుకాణదారు తన సరకుల పట్టికను ఫోనులోనే చూపి బేరమాడుకొనుటకు వీలైన వాట్సాప్ బిజినెస్ 2018లో వచ్చినది. గూగుల్ మ్యాపులో దుకాణపు పేరు చేర్చుకొనుటకు రుసుము లేదు; ఆర్డర్లు వ్రాసికొను ఫారమునకు, లెక్కలు వేసికొను షీటునకు లేదు; బొమ్మలు, లేబుళ్లు తయారుచేయు కాన్వా సయితము ప్రాథమికావసరములకు ఉచితమే. పూర్వము ఒక వస్తువును జనులు కొందురో కొనరో తెలిసికొనుటకే అంగడి అద్దెకు దీసికొని, సరకు నింపి, ఆరునెలలు కాచుకొని యుండవలసివచ్చెడిది. ఆ పరీక్ష నేడు సెలవుదినములలో, స్వల్పమైన ఖర్చుతో జరుగగలదు. విద్యార్థికి వెబ్ చేయు మహోపకార మిదియే: పొరపడినను అప్పులపాలు గాకుండ పొరపడుటకు అవకాశ మిచ్చుచున్నది.

ఈ మాట సాధారణముగా చెప్పిన చాలదు గనుక, మనకు తెలిసిన వస్తువు నొకదానిని తీసికొందము. ఆత్రేయపురపు పూతరేకునకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. పలుచని బియ్యపుపిండి నీళ్లలో గుడ్డను ముంచి, క్రింద మంట పెట్టిన బోర్లించిన కుండపై ఒక్కమారు పరచి తీయగానే గాజువంటి రేకు తేలును. దానికి నేయి పూసి, పంచదారయో బెల్లపుపొడియో చల్లి మడతపెట్టుదురు. ఆ ఊరి యువతి యొకతె కళాశాలలో చదువుకొనుచు, తన తల్లి చుట్టు పూతరేకులను హైదరాబాదు, బెంగుళూరులలోనున్న తెలుగువారికి అమ్మదలచిన దనుకొనుడు. ఆమెకు వెబ్‌సైటుకంటె ముందు కావలసినది డబ్బా. రేకు సున్నితమైనది, పార్సిలు లారీలోనుండి విసరివేయబడిన చోట అందమైన ఫొటోలేవియు దానిని కాపాడవు. కనుక మొదట పది డబ్బాలు తన బంధువులకే పంపి, విప్పిన వెంటనే ఫొటో తీసి పంపుడని కోరి, ఎన్ని విరిగినవో, ఏ మూల విరిగినవో షీటులో వ్రాసికొనవలెను. పిదప ఆర్డరు ఫారములో మూడే ప్రశ్నలు చాలును: పంచదారవా బెల్లపువా, ఏ పిన్‌కోడునకు, ఏ తేదీలోపల. రెండుమూడు మాసములు గడచునప్పటికి ఆ షీటే ఆమెకు ఏ నగరమున ఏది కోరుచున్నారో, ఏ శుభకార్యములకు ముందు గిరాకి పెరుగుచున్నదో చెప్పగలదు. నేను పనిముట్లనుండి ఆశించున దింతియే. వేలకొలది అనుచరులను సంపాదించి పెట్టుట వాని ముఖ్యధర్మమని నే ననుకొనను.

ఇచ్చట చట్టమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. మన కళాశాలలలో దీనిని బోధించువారు అరుదు. ఆమె సరకు ఆంధ్రప్రదేశములోనే అమ్మినచో, వార్షికవ్యాపారము చట్టము విధించిన పరిమితికి లోబడియున్నంతకాలము జీఎస్టీ నమోదు లేకయే ఆన్‌లైను అంగళ్ల ద్వారా అమ్ముకొనుటకు 2023 అక్టోబరు 1నుండి వెసులుబాటు కలదు. కాని అదే డబ్బా హైదరాబాదునకు పోయినచో రాష్ట్రము దాటినట్లే. అపుడు వ్యాపారము ఎంత చిన్నదైనను నమోదు తప్పదు. తినుబండారము గనుక ఆహారభద్రతాసంస్థ నమోదును ఉండవలెను. చిన్నపరిశ్రమగా గుర్తింపు నొసగు ఉద్యమ్ నమోదు 2020 జూలై 1నుండి అమలులోనున్నది. ప్రభుత్వపు పోర్టలులో దానికి కానియైనను చెల్లింప నక్కరలేదు, అయినను ఆ సంగతి తెలియక దళారులకు సొమ్మిచ్చువా రున్నారు. పదునెనిమిదేండ్లు నిండనివారు చేసికొను ఒప్పందము చట్టరీత్యా చెల్లదు గావున ఇంటర్మీడియెటు చదువు పిల్లలు పెద్దలను ముందుంచుకొనియే వ్యాపారమునకు దిగవలెను. ఇట్టి విషయములు చెప్పుటకు వాణిజ్యశాస్త్రోపాధ్యాయు డొక్కడు వారమునకు ఒక సాయంకాలము కేటాయించిన చాలదా?

సాయము లేదని నే ననను. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ప్రాంగణమున 2015 నవంబరు 5న టీ-హబ్ ప్రారంభమైనది; 2022 జూనులో రాయదుర్గములోని విశాలభవనమునకు తరలినది. స్త్రీలకై 2018లో వీ-హబ్ వెలసినది. మంగళగిరిలో 2025 ఆగస్టులో రతన్ టాటా ఆవిష్కరణ కేంద్రము ప్రారంభమై, రాజమహేంద్రవరము, తిరుపతి, అనంతపురము మొదలగుచోట్ల శాఖలను ఏర్పరచుకొన్నది. ఇవి సంతోషింపదగిన కార్యములు. అయినను ఒక జిల్లాకేంద్రపు డిగ్రీ కళాశాల విద్యార్థికి ఆ భవనములకంటె తన ప్రిన్సిపాలు గదియే సమీపమున నున్నది.

ఆ ప్రిన్సిపాలు బల్లపై నుండవలసిన పత్రమొకటి కలదు. 2019లో కేంద్ర మానవవనరుల అభివృద్ధి మంత్రిత్వశాఖ (నేటి విద్యామంత్రిత్వశాఖ) విద్యార్థుల కొరకును అధ్యాపకుల కొరకును ప్రకటించిన జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానము నందలి నిబంధనలు ఉదారమైనవి. వ్యాపారము ప్రారంభించిన విద్యార్థి ఒక సెమిస్టరుగాని సంవత్సరముగాని చదువునకు విరామము పుచ్చుకొని మరల చేరవచ్చును. ప్రాజెక్టునకు, సెమినారునకు, వేసవి శిక్షణకు మారుగా తన వ్యాపారమునే చూపవచ్చును. సంస్థ తన వార్షికవ్యయములో కనీసము ఒక శాతము ఆవిష్కరణలకు వినియోగింపవలెను. సంస్థ తన వసతులను, సహాయమును ఇచ్చినందుకు ఆ వ్యాపారమున 2 మొదలు 9.5 శాతమువరకు వాటా తీసికొనుటకును అందు వీలున్నది. విద్యార్థి యెడ విశ్వాసముంచి వ్రాసిన ఈ పత్రమునందు లోపము లేదు. అది హాజరుపట్టీవరకు దిగి రాకపోవుటయందే లోపము కలదు. ఆర్డరు అందజేయుటకు పోయి ఒక పూట తరగతి తప్పిన విద్యార్థికి హాజరు తక్కువైనదని పరీక్షరుసుము కట్టించుకొనకున్నచో, గోడపై వ్రేలాడు స్టార్టప్ సెల్ ఫలకమువలన అతనికి ఒరుగున దేమియు లేదు. పోటీలు పెట్టి బహుమానము లిచ్చుట సులువు. ఒక పిల్లవానివెంట రెండేండ్లు నిలిచి, లెక్కలపుస్తకము నెలనెల చూచి, కొనుగోలుదారుని సొమ్మును స్వంతసొమ్మును కలిపివేయవద్దని మందలించుట కష్టము; వానిని నిలబెట్టునది ఈ కష్టమైన పనియే.

ఇందులకు మన ఊళ్లలో మనుష్యులు లేకపోలేదు. గుంటూరు మిరపయార్డులో, వరంగల్లు ఏనుమాముల మార్కెట్టులో సరకును చేత పట్టుకొనగానే ధర చెప్పగల వృద్ధవర్తకులు ఉన్నారు; ఎవరికి అరువీయవచ్చునో, ఎవరికి ఈయరాదో వారికి తెలిసినంత ఏ సాఫ్టువేరునకును తెలియదు. వారికి ఫారము చేయుట రాదు, ఈ పిల్లలకు బేరము చేయుట రాదు. నెలకొక సాయంత్రము ఇరువురిని ఒక బల్లయొద్ద కూర్చుండబెట్టుటకు కళాశాలకు కావలసినది ఒక గదియు, నాలుగు కప్పుల తేనీరును మాత్రమే. ఏ పథకముకొరకును ఎదురుచూడక వచ్చే మాసముననే ప్రారంభింపదగిన పని యిది.

కావున ప్రిన్సిపాళ్లారా, ఆ 2019 నాటి విధానపత్రమును తెప్పించి చదువుడు. హాజరు, విరామము, ప్రాజెక్టు అను మూడు విషయములలో మీ కళాశాల నియమమేమో ఒక కాగితముపై వ్రాసి నోటీసుబోర్డున అంటింపుడు. తలిదండ్రులారా, డిగ్రీ చేతికి వచ్చువరకు వ్యాపారపు మాట ఎత్తవద్దని బిడ్డను ఆంక్షింపక, వాని లెక్కల షీటును ఒకమారు చూపుమని అడుగుడు. పాఠకమహాశయులారా, మీ ఊరి విద్యార్థి మీకు ఏదేని వస్తువు అమ్మవచ్చినచో జాలిచే కొనకుడు. అవసరమున్ననే కొనుడు, బేరమాడుడు, బిల్లు అడుగుడు, సొమ్ము నాడే చెల్లింపుడు, వస్తువు నచ్చకున్నచో ఎందుకు నచ్చలేదో వానికే సూటిగా వ్రాసి పంపుడు.